కొత్త ఇనప పెనానికి దోసె అతుక్కుపోతోంటే

పోత ఇనుము పెనం కొని, రెండుసార్లు నూనె బాగా పట్టించి కాల్చినా దోసె ముక్కలుగానే వస్తోందని, పెనం మార్చేయాలా అని అడిగారు. మార్చక్కర్లేదు. ఆ "బాగా పట్టించి" దగ్గరే తేడా కొట్టింది.

నూనె మందంగా రాస్తే సరిగ్గా గట్టిపడదు, బంకలా మిగిలిపోతుంది. వేలు పెట్టి చూడండి, జిగటగా తగులుతుంది. పిండిని పట్టుకునేది ఆ బంకే. పల్చటి పొరైతేనే వేడికి గట్టిపడి, ఇనుముకు కరుచుకుని, నల్లగా నున్నగా తయారవుతుంది.

కాబట్టి ముందు ఆ బంక వదలాలి. కల్లుప్పు, సబ్బునీళ్లు వేసి పీచుతో గట్టిగా తోమి, కడిగిన వెంటనే తుడిచి, సన్న మంట మీద తడి ఆరనివ్వండి. అర చెంచా నూనె, వేరుశనగదైనా పొద్దుతిరుగుడుదైనా సరే, నూలు గుడ్డతో అంతటా రాయండి. ఇంకో పొడి గుడ్డతో దాన్ని మళ్లీ తుడిచేయండి, అసలు రాశామా అని అనుమానం వచ్చేంతగా. ఇప్పుడు పొగ లేచి, ఆ పొగ తగ్గేదాకా కాల్చి, దానంతటదే చల్లారనివ్వాలి. ఇలా నాలుగైదు సార్లు (కిటికీలు తీసి పెట్టుకోండి). కాలే పెనం మీద చన్నీళ్లు కుమ్మరించొద్దు, పోత ఇనుము పగిలే ప్రమాదం ఉంది. గంజిలో నానబెట్టడం కొత్త పెనం మడ్డి వదలడానికి పనికొస్తుందేమో గానీ, నూనె పొర చేసే పని అది చేయదు. ఎక్కువసేపు వదిలేస్తే తుప్పు కూడా.

పొర కుదిరాక కూడా దోసె చెడగొట్టేది మంటే. నీళ్లు చిలకరిస్తే చుయ్యిమని రెండు మూడు క్షణాల్లో ఇగిరిపోవాలి. చుక్కలు గోలీల్లా దొర్లుతుంటే వేడి ఎక్కువైందన్నమాట. అప్పుడు పిండి పోస్తే పెనం మీద పరుచుకోకుండా గరిటె వెంటే లేచి వచ్చేస్తుంది. మంట తగ్గించి, కాసిని నీళ్లు చల్లి, నూనెలో అద్దిన సగం ఉల్లిపాయతో రుద్ది, అప్పుడు పోయండి. పిండిని గరిటెతో గుండ్రంగా తిప్పడం అయ్యాక మంట పెంచుకోవచ్చు. ఇండక్షన్ పొయ్యి అయితే మధ్యలోనే కాలి అంచులు చల్లగా ఉంటాయి, అందుకని తక్కువ వేడి మీద ఐదారు నిమిషాలు ముందే పెట్టుకోవాలి.

దోసె కాలకముందే అట్లకాడ పెట్టి పెళ్లగించొద్దు. అడుగు ఎర్రబడితే అంచు తనే లేస్తుంది.

పిండి సంగతి: గ్లాసు మినప్పప్పుకు మూడు గ్లాసుల బియ్యం, చెంచా మెంతులు. పప్పు ఎక్కువైతే జిగురెక్కి పెనాన్ని పట్టుకుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పిండిని అరగంట బయట ఉంచాకే వాడండి, చల్లటి పిండి పడగానే పెనం వేడి దిగిపోతుంది.

ఇదే పెనం మీద చపాతీలు చేస్తుంటే మాత్రం ఎన్నిసార్లు కాల్చినా దండగే. పొడిపిండి మాడి గరుకు తేలుతుంది. చింతపండు, టమాటా లాంటి పులుపు వంటలు దాంట్లో వండితే పొర ఊడిపోతుంది.

మొదటి వారం పేపర్ దోసె జోలికి పోకండి. అరచేయంత అట్లు, చుట్టూ నూనె కాస్త ధారాళంగానే వేసి పోసుకోండి. వాటిలో మొదటి ఒకటి రెండు చిరిగినా పెనాన్ని తిట్టకండి.