కర్వ్ చుట్టూ పట్టీ గీసే ముందు

చిట్టితల్లికి,

మామయ్య ఆశీస్సులు. నీ ఎంజైమ్ డేటాకు కర్వ్ ఫిట్టింగ్ ఆర్ (R) అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో సొంతంగా చేస్తున్నావనీ, చుట్టూ 95 శాతం కాన్ఫిడెన్స్ బ్యాండ్ (అసలు కర్వ్ ఎక్కడెక్కడ ఉండొచ్చో చూపే పట్టీ) కూడా గీసి థీసిస్‌లో పెడతావనీ మీ అమ్మ చెప్పింది. చాలా గర్వంగా అనిపించింది. ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది.

ముందు పాయింట్లు గీసి చూసుకో. మొదటి విలువలు అంచనాతో ఇవ్వు, లేదా ఎస్‌ఎస్‌మిక్‌మెన్ (SSmicmen) అనే ఆర్ ఫంక్షన్ వాడితే అదే వెతుక్కుంటుంది. రెసిడ్యువల్స్ (కొలతలకీ కర్వ్‌కీ మధ్య తేడాలు) చూడకుండా ముందుకెళ్లకు. ఇవి నీకు తెలిసినవే.

నా భయమంతా ఆ తర్వాతి మెట్టు గురించే. లీనియర్ మోడల్‌కి ప్రెడిక్ట్ (predict) ఫంక్షన్‌లో ఇంటర్వెల్ అడిగితే ఇస్తుంది. ఎన్‌ఎల్‌ఎస్‌ని (nls, సరళరేఖ కాని కర్వులను ఫిట్ చేసే ఫంక్షన్) అదే అడిగితే ఎర్రర్ కూడా రాదు, ఆ మాట పట్టించుకోకుండా ఫిట్ విలువలు మాత్రమే చేతిలో పెడుతుంది. అక్కడే తొందరపడతారు. మా ల్యాబ్‌లో ఒక కుర్రాడు, చాలా తెలివైనవాడు, కాన్ఫింట్ (confint) ఫంక్షన్ పారామీటర్లకు ఇచ్చిన కింది హద్దులన్నీ పెట్టి ఒక కర్వ్, పై హద్దులన్నీ పెట్టి ఇంకో కర్వ్ గీసి, మధ్యలో రంగు నింపాడు. చూడటానికి అందంగా ఉంది. ఎవరూ అడగలేదు. పట్టీ ఒకచోట సన్నబడి చుక్కంత అయిపోయింది, దాన్ని చూపించి "ఇక్కడ మన అంచనా చాలా కచ్చితం" అన్నాడు. ఆ మాట విన్న రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. పాపం, వాడికి ఎవరూ చెప్పలేదు.

నువ్వే చేసి చూడు. ఆర్‌తో పాటే వచ్చే ప్యూరోమైసిన్ డేటాలో మందు కలిపిన 12 కొలతలు తీసుకో. గరిష్ఠ వేగం సుమారు 212.7, కె విలువ (వేగం గరిష్ఠంలో సగమయ్యే గాఢత) 0.064 వస్తాయి. ఈ రెండూ విడివిడిగా కదలవు, ఒకటి పెరిగితే రెండోది కూడా పెరుగుతుంది. కాన్ఫింట్ ఇచ్చే కింది హద్దులు సుమారు 197, 0.047. పై హద్దులు 229, 0.086. ఆ రెండు కర్వులూ గాఢత సుమారు 0.2 దగ్గర ఒకదాన్నొకటి దాటుకుంటాయి! అంతకంటే తక్కువ గాఢతల్లో "కింది" కర్వే పైన ఉంటుంది. డేటా నడిమధ్యన వెడల్పు సున్నా అయిందంటే అది కచ్చితత్వం కాదమ్మా, పారామీటర్ల మధ్య సంబంధాన్ని పారేసిన ఫలితం.

ఆ సంబంధం వీకోవ్ (vcov) ఇచ్చే మాత్రికలో ఉంటుంది, పారామీటర్లు కలిసి ఎలా మారతాయో అది చెబుతుంది. ప్రతి బిందువు దగ్గరా పారామీటర్లను బట్టి కర్వ్ ఎంత మారుతుందో అవకలనంతో లెక్కగట్టి, దానితో ఆ మాత్రికను రెండు వైపులా గుణించు. వర్గమూలం తీస్తే స్టాండర్డ్ ఎర్రర్ వస్తుంది. ఇదే డెల్టా పద్ధతి. ఆర్‌కి ఉన్న ఇన్వెస్టర్ (investr) ప్యాకేజీలోని ప్రెడ్‌ఫిట్ (predFit) ఈ పని చేసి పెడుతుంది, కానీ ఒక్కసారైనా చేత్తో చెయ్యి. నీ దగ్గర పాయింట్లు తక్కువ కాబట్టి బూట్‌స్ట్రాప్ (డేటా నుంచే మళ్లీ మళ్లీ నమూనాలు తీసి ఫిట్ చేయడం) కూడా చేసి రెండు పట్టీలూ పక్కపక్కన గీయి. బాగా తేడా వస్తే డెల్టాని నమ్మకు, కర్వ్ వంపు దానికి అందలేదని అర్థం.

బొమ్మ కింద అది కాన్ఫిడెన్స్ బ్యాండో ప్రెడిక్షన్ బ్యాండో తప్పక రాయి. మొదటిది సగటు కర్వ్‌కి, రెండోది కొత్తగా రాబోయే ఒక్క కొలతకి. రాయకుండా వదిలేస్తే మాత్రం నిజంగానే కోప్పడతాను.

కోడ్, బొమ్మ రెండూ పంపు. గైడ్‌కి చూపించే ముందు నాకు పంపినా సరే, రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోన్ చేసినా సరే, కూర్చుని చూద్దాం.

మీ మామయ్య