పాత నాణేల మోజు అప్పుల దాకా వచ్చింది

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడేళ్లు. ఇంటర్ రెండవ సంవత్సరం చదువుతున్నాడు. నాలుగేళ్ల క్రితం మా అత్తగారు తన పెట్టెలో దాచుకున్న అణాలు, బేడలు, రెండు నిజాం కాలపు వెండి రూపాయలు వాడికి ఇచ్చారు. అప్పటి నుంచి పాత నాణేలు సేకరించడం మొదలుపెట్టాడు. మొదట్లో మేమూ సంతోషించాము. ఆదివారాలు వాళ్ల నాన్నగారే చార్మినార్ దగ్గరికీ, కోఠీకీ తీసుకువెళ్లేవారు. ఏడాదిగా పరిస్థితి మారింది. రాత్రి పది దాటాక ఫోన్ గ్రూపులలో వేలంపాటలు జరుగుతాయట, అవి అయ్యేదాకా వాడు నిద్రపోడు. కోచింగ్ ఫీజు చివరి వాయిదాకని వాడి ఖాతాలో వేసిన పద్దెనిమిది వేలు కట్టనే లేదని వాళ్లు ఫోన్ చేసి చెబితే గాని మాకు తెలియలేదు. ఇద్దరు స్నేహితుల దగ్గర అప్పు కూడా చేశాడు. బీరువా సర్దుతుంటే విప్పని కొరియర్ కవర్లు నాలుగైదు దొరికాయి. అడిగితే ఏడుస్తాడు, మానేస్తానంటాడు, వారం తిరక్కుండా మళ్లీ అదే పని. ఇంట్లో ఉన్న నాణేలన్నీ పాట్ మార్కెట్‌లో వెండి లెక్కన అమ్మిపారేస్తానని మావారు అంటున్నారు. కానీ మొన్న చెల్లెల్ని కూర్చోబెట్టుకుని నిజాం రూపాయి గురించి గంటసేపు వాడు చెబుతుంటే విని, వాడి ముఖంలో అంత వెలుగు చూసి ఎన్నాళ్లయిందో అనిపించింది. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, ముందుగా మీవారిని ఆ నాణేలతో పాట్ మార్కెట్‌కు వెళ్లనివ్వకండి. వెండి వ్యాపారి తూకానికే ధర కడతాడు. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయి పదకొండు గ్రాములకు కాస్త ఎక్కువ తూగుతుంది, అందులో వెండి నూటికి ఎనభై రెండు పాళ్లకు మించదు. మీ అబ్బాయి పెట్టిన ధరకూ, అక్కడ చేతికొచ్చే డబ్బుకూ పొంతన ఉండదు. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. నాన్న చేతికి చిక్కితే కరిగిపోతాయని ఒకసారి తెలిశాక, ఈసారి బీరువాలో కాక స్నేహితుడి గదిలో దాచడం నేర్చుకుంటాడు, అప్పుడు మీకు ఆ కవర్లు కూడా కనిపించవు.

మీ ఉత్తరంలో రెండు విషయాలు పక్కపక్కనే ఉన్నాయి, వాటిని విడదీసి చూస్తే దారి కొంత కనిపిస్తుంది. చెల్లెలికి నాణెం గురించి గంటసేపు చెప్పిన పిల్లవాడు ఒకడు, కొన్న నాణెం ఇంటికి వచ్చినా కవరు విప్పని పిల్లవాడు మరొకడు. ఇద్దరూ మీ అబ్బాయే. మొదటివాడిని పోగొట్టుకోకుండా రెండవవాడిని అదుపు చేయడమే మీ ముందున్న పని. విప్పని కవరును నేను చాలా ముఖ్యమైన గుర్తుగా భావిస్తాను. వస్తువు మీద ఇష్టం వెనకపడి, వేలంపాటలో గెలవడం మీద ఇష్టం ముందుకు వచ్చినప్పుడే కవరు విప్పకుండా ఉండిపోతుంది. తనకు కావలసింది పాట ముగిసిన రాత్రే దక్కింది, కొరియర్‌లో వచ్చింది మిగులు మాత్రమే.

ఈ స్థితికి పిల్లవాడి గుణం ఒక్కటే కారణం కాదు. ఇవ్వాళ నాణేల సేకరణ నడిచే పద్ధతిలోనే ఒక ఉచ్చు ఉంది. మన నాణేలలో సంవత్సరం అంకె కింద ముంబయి టంకశాలకు వజ్రం గుర్తు, హైదరాబాదుకు నక్షత్రం, నోయిడాకు చుక్క ఉంటాయి, కోల్‌కతాకు ఏ గుర్తూ ఉండదు. ఒకే సంవత్సరపు ఒకే రూపాయి బిళ్ల నాలుగు రకాలు కావచ్చు. సంవత్సరాల వారీగా, టంకశాలల వారీగా ‘సిరీస్ పూర్తి చేయాలి’ అని ఒకసారి మనసులో పడితే దానికి అంతు ఉండదు, ఆల్బమ్‌లో ఖాళీగా ఉన్న ప్రతి గడీ నన్ను నింపు అని అడుగుతూనే ఉంటుంది. దానికి తోడు రాత్రి వేలం. గడువు నిమిషాలలో ఉంటుంది, మిగతా పాటదారులు చూస్తుంటారు, ఒకసారి దక్కుతుంది, నాలుగుసార్లు చేజారుతుంది. ఎప్పుడు దక్కుతుందో తెలియని బహుమతి కోసం చేసే పనిని మానడం, ప్రతిసారీ దక్కే బహుమతి కోసం చేసే పనిని మానడం కంటే ఎంతో కష్టమని మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద చేసిన ప్రయోగాలతో ఏనాడో చూపించారు. పదిహేడేళ్ల వయసులో ఉత్సాహానికి పగ్గం వేసే మెదడు భాగం ఇంకా పూర్తిగా ఎదిగి ఉండదు, అది ఇరవైల నడిమి దాకా ఎదుగుతూనే ఉంటుంది. చేతిలోంచి నోటు తీసి ఇవ్వవలసిన అవసరం లేకుండా యూపీఐ పిన్ కొడితే డబ్బు వెళ్లిపోతోంది. ఇన్ని కలిశాక ‘మానేస్తాను’ అని ఏడ్చి చెప్పిన మాట వారం నిలవకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ మాట అబద్ధమని మీరు అనుకోవద్దు, చెప్పిన క్షణంలో అతను నిజంగానే చెప్పి ఉంటాడు.

ఫీజు డబ్బు వాడుకోవడం మాత్రం తప్పే, దానిని తేలికగా తీసుకోమని నేను చెప్పను. అయితే ‘దొంగ’ అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు, ఈ సంగతి పెదనాన్నల ఇళ్ల దాకా పోకూడదు. మీరూ మీవారూ అతనితో కూర్చుని, కాగితం మీద మూడు లెక్కలు రాయించండి: ఎవరికి ఎంత బాకీ, ఏ నాణేనికి ఎంత పెట్టాడు, ఇంకా పంపవలసిన డబ్బు ఎవరికైనా ఉందా. అప్పు యాప్‌లో ఏదైనా తీసుకున్నాడా అని కోపం లేకుండా అడగండి. పద్దెనిమిదేళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం మన కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లదు కనుక ఎవరైనా బెదిరిస్తే భయపడనక్కరలేదు. మోసమని తేలితే సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కు ఫోన్ చేయండి.

బాకీలు మీరు గుట్టుగా తీర్చేయవద్దు. స్నేహితుల డబ్బు మాత్రం వెంటనే ఇచ్చేయండి, ఎందుకంటే అది మరో ఇంటి పిల్లల డబ్బు. ఆ మొత్తానికీ ఫీజుకూ బదులుగా తన దగ్గర ఒకటికి రెండుగా ఉన్న నాణేలను, తన ఇష్టానికి దూరమైన నాణేలను తానే ఏరి, తండ్రి పక్కన ఉండగా, పేరున్న నాణేల వ్యాపారికి అమ్మాలి. ఏది ఉంచుకోవాలో, ఏది వదులుకోవాలో తేల్చుకునే పని అతని చేతుల్లోనే పెట్టండి. నాయనమ్మ ఇచ్చిన వాటి జోలికి ఎవరూ వెళ్లకూడదు.

ఇకమీదట పాటించవలసిన కట్టుబాట్లు కొన్ని ఉన్నాయి, వాటిని మీరు విధించినట్టు కాక అతనితో కలిసి నిర్ణయించినట్టు చేయండి. వేలం గ్రూపుల నుంచి బయటికి రావడం వాటిలో మొదటిది, దీనిలో బేరం లేదు. రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ హాలులో ఉండాలి. నాణేలకు నెలకు ఇంత అని ఒక చిన్న మొత్తం నగదుగా ఇవ్వండి. అది చేతిలో ఉన్నంతవరకే కొనుగోలు, అదీ ఎదురుగా చూసి, చేత్తో పట్టుకుని కొన్నది మాత్రమే. నచ్చిన నాణెం కనబడితే వారం ఆగి, అప్పటికీ కావాలనిపిస్తే వెళ్లి తెచ్చుకోవచ్చు. పూర్తిగా మానేయమని మాత్రం అనవద్దు. వేలం మాన్పించడం వేరు, నాణెం మాన్పించడం వేరు.

ఇప్పుడు నాకు ఎంతో ముఖ్యమనిపించే సంగతి. మీ అబ్బాయి చెల్లెలికి గంటసేపు ఏమి చెప్పి ఉంటాడో నేను ఊహించగలను. నిజాం రూపాయి మీద చార్మినార్ కమాను నడిమిలో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్ కాలపు నాణెమైతే అది ‘మీమ్’, ఉస్మాన్ అలీ ఖాన్ కాలపుదైతే ‘ఐన్’, అంటే వారి పేర్ల మొదటి అక్షరాలు. సంవత్సరం హిజ్రీ లెక్కలో ఉంటుంది. భూతద్దంలో ఆ అక్షరాన్ని పోల్చుకుని, హిజ్రీ సంవత్సరాన్ని మనకు తెలిసిన సంవత్సరంలోకి మార్చుకోగలిగిన పిల్లవాడికి కొనకుండానే ఎన్నో గంటలు గడిపే శక్తి ఉంది. ఆ శక్తికి పని కల్పించండి. ఉన్న ప్రతి నాణేనికీ ఒక రిజిస్టరులో పుట కేటాయించి బరువు, సంవత్సరం, టంకశాల, ఎక్కడ ఎంతకు కొన్నదీ, ఆ నాణేనికి సంబంధించిన నాలుగు మాటల చరిత్రా రాయమనండి. రాయకుండా కొత్తది కొనకూడదన్న నియమం ఒక్కటి పెడితే, కొనుగోలు వేగం తనంతట తానే తగ్గుతుంది. ఆ విప్పని కవర్లతోనే మొదలుపెట్టించండి.

మీ అత్తగారు ఆరోగ్యంగా ఉంటే ఆవిడ జ్ఞాపకాలు కూడా ఆ రిజిస్టరులో చేరాలి. ఏడు హాలీ సిక్కా (నిజాం రాజ్యపు) రూపాయలకు ఆరు భారత రూపాయలన్న మారకం నడిచిన కాలపు మాటలు ఆవిడ తన పెద్దల నోట విని ఉంటారు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర ప్రదర్శనశాలలో శాతవాహనుల నుంచి కుతుబ్ షాహీల దాకా ఈ నేల మీద చెలామణీ అయిన నాణేలు ఉన్నాయి. ఒక సెలవు రోజు తండ్రీకొడుకులు కలిసి వెళితే, కోఠీ ఆదివారాల నాటి స్నేహం మళ్లీ మొదలు కావచ్చు. సాలార్ జంగ్ కూడా ఇలాగే సేకరించాడు కదా అని పిల్లలు వాదించడం నేను విన్నాను. మూడవ సాలార్ జంగ్ పెద్ద జాగీరు ఆదాయంతో కొన్నారు, అప్పు చేసి కాదు. ఆయన 1949లో మరణించాక ఆ వస్తువులను విడదీసి, వర్గీకరించి, అమర్చిన పని వల్లనే 1951లో అది మ్యూజియంగా ప్రజల ముందుకు వచ్చింది. ఈ రెండవ సగం మీ అబ్బాయికి చెప్పండి.

కొన్ని జాగ్రత్తలు కూడా అవసరం. రాముడు, సీత, హనుమంతుడి బొమ్మలతో 1818 అని ఉన్న ఈస్టిండియా కంపెనీ నాణెం అతని దగ్గర ఉంటే దానికి చారిత్రక విలువ లేదు, అలాంటి నాణేన్ని కంపెనీ ఎన్నడూ ముద్రించలేదు. పాత నోటుకు లక్షలు ఇస్తాము, ముందు కమిషన్ కట్టండి అని రిజర్వు బ్యాంకు పేరుతో ఎవరైనా అడిగితే అది మోసమే, ఆ సంగతిని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరికగా ప్రకటించింది. 2016లో రద్దయిన అయిదు వందలు, వెయ్యి నోట్లు ఎవరూ పదికి మించి ఉంచుకోరాదు, అధ్యయనానికో సేకరణకో అయితే ఇరవై అయిదు దాకా చట్టం అనుమతిస్తుంది. నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు కనుక, విదేశీ గ్రూపులో ఎవరో అడిగారని పంపడం నేరమవుతుంది. మీరు ప్రేమతోనైనా ఆ నాణేలను చింతపండుతో తోమవద్దు, తోమితే విలువ పోతుంది. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో ఉంటే తీయించండి, అవి కొన్నాళ్లకు నాణేనికి పచ్చటి జిడ్డు పట్టిస్తాయి.

ఇవన్నీ చేసినా ఆరేడు వారాలలో మార్పు కనిపించకపోతే, ఇంట్లో వస్తువులు మాయమవుతుంటే, నిద్రా తిండీ చెడి, బతకాలని లేదన్న ధోరణిలో మాట్లాడితే, అది మీ ఒక్కరి చేతిలో పని కాదు. బతకాలని లేదన్న మాట వినబడితే ఆ ఆరేడు వారాలు కూడా ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా, తెలుగులోనే ఫోన్ చేయవచ్చు. ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయంలో అవుట్ పేషెంటు విభాగం ఉన్నది. ‘ఎర్రగడ్డ’ అన్న పేరును ఎగతాళిగా వాడే అలవాటు మన ఊరికి ఉన్నదని నాకు తెలుసు, ఆ అలవాటు వల్లనే ఎన్నో కుటుంబాలు ఏడాది ఆలస్యంగా వెళుతున్నాయి. మీరు ఆలస్యం చేయకండి.

ప్రశ్న: నాకు ఇరవై నాలుగేళ్లు, మాదాపూర్‌లో ఉద్యోగం. లోపల ఏ బొమ్మ ఉందో తెలియకుండా అమ్మే బొమ్మల పెట్టెలు కొనడం అలవాటైంది. క్రెడిట్ కార్డు మీద బాకీ నెలనెలా పెరుగుతోంది. ఇంట్లో తెలియదు. నేను కూడా ఇలాంటి సమస్యలోనే ఉన్నానా?
— పేరు వద్దు, కూకట్‌పల్లి

జవాబు: అవునమ్మా. మూసిన పెట్టెలో ఉన్నది పై ఉత్తరంలోని వేలంపాటే, ఏది వస్తుందో తెలియకపోవడాన్నే మీకు అమ్ముతున్నారు. కావలసిన బొమ్మ ఏదో తెలిసి, దానినే విడిగా కొనగలిగితే కొనండి, మూసిన పెట్టె మాత్రం కొనవద్దు. ఈ సమస్యలో అత్యవసరమైనది కార్డు బాకీ. కనీస మొత్తం మాత్రమే కడుతూ పోతే మిగిలిన దానిపై వడ్డీ చాలా కార్డులకు ఏడాదికి నూటికి నలభై దాటుతుంది. ఈరోజే బ్యాంకుకు ఫోన్ చేసి ఆ బాకీని తక్కువ వడ్డీ వాయిదాలలోకి మార్చమని అడగండి, కొనే యాప్‌లలో దాచిన కార్డు వివరాలు తొలగించండి. ఇంట్లో అందరికీ చెప్పనక్కరలేదు, అక్కో అన్నయ్యో ఎవరో ఒకరికి మొత్తం అంకె దాచకుండా చెప్పి, వాయిదా కట్టిన ప్రతి నెలా రసీదు వారికి పంపండి.