సుస్థిర అభివృద్ధిలో చదువు పాత్ర ఏమిటి?

రేపటివాళ్ల వాటా తినేయకుండా ఈరోజు బాగా బతకడమే సుస్థిర అభివృద్ధి. అది చట్టాలతో, సబ్సిడీలతో మాత్రమే రాదు. మనిషికి తన చేతిలో ఎంత ఉందో, ఎంత వాడుతున్నాడో లెక్క తెలియాలి. చదువు పని అదే.

నాకు వెంటనే గుర్తొచ్చేది బోర్ల సంగతి. 2000 తర్వాతి దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 7 కరువు జిల్లాల్లో రైతులకు నీటి బడులు నడిచాయి. అనంతపురం, మహబూబ్‌నగర్, నల్గొండ వాటిలో ఉన్నాయి. బోరులో నీటిమట్టం రైతులే కొలిచేవారు. డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండిందో చూసి పంపు ఎంత పోస్తోందో తేల్చేవారు. రబీకి ముందు ఊరివాళ్లు కూర్చుని, భూమిలో నీళ్లెన్ని, అనుకున్న పంటలకు కావలసినవెన్ని అని బేరీజు వేసుకునేవారు. వరి మానెయ్యమని ఎవరూ హుకుం జారీ చేయలేదు. లెక్క కళ్లెదుట కనబడ్డాక చాలామంది తామే తక్కువ నీటి పంటలకు మళ్లారు. వాళ్లలో అక్షరాలు అంతగా రానివాళ్లూ ఉన్నారు, అది నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

పర్యావరణాన్ని తప్పనిసరి పాఠం చేయాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. చాలాచోట్ల అది మార్కుల కోసం బట్టీ పట్టే పాఠంగానే మిగిలిపోవడం బాధగా ఉంటుంది. బడి బోరు నీటిమట్టం నెలకోసారి పిల్లలతో కొలిపించి గోడ మీద రాయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.