టెక్ సందేహాలు: టిక్కీల లెక్కకు యాప్ తప్పనిసరా?

ప్రశ్న: గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల కోసం వెబ్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ ఒకటి తయారు చేశాను. ఏ రైతు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) పెట్టారు, ఏ లాటు ఏ ఛాంబర్‌లో ఉంది, అద్దె ఎంత రావాలి అన్న లెక్కలన్నీ అందులో ఉంటాయి. ఇప్పటికి రెండు స్టోరేజీలు వాడుతున్నాయి. కొత్తగా ఎవరికి చూపించినా ‘యాప్ లేదా?’ అంటున్నారు. ఆండ్రాయిడ్ యాప్ చేయించాలా? ధర ఎలా పెట్టాలి? మరికొందరికి ఎలా అమ్మాలి?

జవాబు: యాప్ కావాలన్న వారిని ‘ఎందుకండీ?’ అని ఒకసారి అడిగి చూడండి. ఫోన్ తెర మీద గుర్తు ఉండాలని, నొక్కగానే తెరుచుకోవాలని, సిగ్నల్ లేకపోయినా పని ఆగకూడదని చెబుతారు. ఈ మూడు సౌకర్యాలనూ వెబ్ సాఫ్ట్‌వేర్‌లోనే ఇవ్వవచ్చు. హోమ్ స్క్రీన్ మీదకు చేర్చుకునే వీలును మానిఫెస్ట్ ఫైలు, ఇంటర్నెట్ లేనప్పుడు పేజీ తెరిచే పనిని సర్వీస్ వర్కర్, నమోదులను ఫోన్‌లోనే తాత్కాలికంగా దాచే పనిని ఇండెక్స్‌డ్ డీబీ చూసుకుంటాయి. ఈ తరహా సాఫ్ట్‌వేర్‌కు ప్రోగ్రెసివ్ వెబ్ యాప్ అన్న పేరు 2015లోనే వచ్చింది.

మీరు ముందుగా సరిచూసుకోవలసింది వేరే ఉంది. చలి బయటికి పోకుండా కట్టిన ఛాంబర్ గోడల మధ్య సిగ్నల్ సరిగా అందదు. గుమస్తా 60 టిక్కీల లాటు నమోదు చేసి ‘సేవ్’ నొక్కుతారు, తెర కదలదు, మళ్లీ నొక్కుతారు. బయటికి రాగానే రెండు అభ్యర్థనలూ సర్వర్‌కు చేరి, రైతు ఖాతాలో 120 టిక్కీలు కనిపిస్తాయి. ఆ తేడా సరుకు బయటికి తీసే రోజున బయటపడితే మీ సాఫ్ట్‌వేర్ మీద ఉన్న నమ్మకం ఆ ఒక్క పూటతోనే పోతుంది. బటన్‌ను కాసేపు పనిచేయకుండా ఆపితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు కానీ, ఫోన్ తనంతట తాను అదే నమోదును మరోసారి పంపినప్పుడు ఆ జాగ్రత్త పనికిరాదు. నమోదు ఫారం తెరిచిన క్షణంలోనే ఫోన్‌లో దానికొక ప్రత్యేక సంఖ్యను పుట్టించి, నమోదుతో పాటు దాన్నీ పంపండి. ఆ సంఖ్య డేటాబేస్‌లో అప్పటికే ఉంటే సర్వర్ కొత్త నమోదు చేయకుండా పాత రసీదునే తిరిగి చూపాలి. అప్పుడు ఎన్నిసార్లు నొక్కినా లెక్క ఒక్కటే ఉంటుంది.

యజమాని దగ్గర ఐఫోన్ ఉంటే ఇంకొక మెలిక ఉంది. ఐఫోన్ బ్రౌజర్ సఫారీలో ఊరికే తెరిచి వాడే సైటును, సఫారీ వాడిన ఏడు రోజుల్లో ఒక్కసారైనా తాకకపోతే, అది ఫోన్‌లో దాచిన సమాచారాన్ని బ్రౌజర్ తుడిచేస్తుంది. హోమ్ స్క్రీన్‌కు చేర్చుకున్న వాటికి ఈ నియమం వర్తించదు కాబట్టి, తొలి రోజునే మీ చేతులతో చేర్చి ఇచ్చి రండి.

ప్లేస్టోర్‌లో పెట్టడానికి ఒక్కసారి కట్టే 25 డాలర్లు పెద్ద ఖర్చేమీ కాదు. అయితే అక్కడ పెట్టాక ప్రతి దిద్దుబాటూ ఆ దుకాణం తనిఖీ దాటి రావాలి, వినియోగదారు దాన్ని అప్‌డేట్ చేసుకోవాలి. సీజన్ నడుమ అద్దె లెక్కలో తప్పు దొరికితే వెబ్‌లో పది నిమిషాల్లో సరిచేయగలరు. ఇద్దరు ఖాతాదారులున్న దశలో ఆ వెసులుబాటును వదులుకోవడం నాకు సబబుగా తోచడం లేదు.

ధర విషయంలో అమెరికా కంపెనీలను చూసి నెలవారీ చందా పెట్టకండి. మిర్చి నిల్వ సీజన్‌తో నడిచే వ్యాపారం. డబ్బు కూడా ఆ వరుసలోనే చేతులు మారుతుంది. కొత్త పంట వచ్చే ముందు ఏడాదికి ఒక్కసారి తీసుకోవడం మేలు. ఖాతా నుంచి దానంతటదే కట్టయ్యే పద్ధతి పెట్టదలిస్తే రిజర్వు బ్యాంకు నియమాలను గుర్తుంచుకోండి: ఇలాంటి చందాల్లో 15,000 రూపాయలు దాటిన ప్రతి చెల్లింపునూ ఖాతాదారు ఓటీపీ వంటి అదనపు ధ్రువీకరణతో ఆమోదించాలి, డబ్బు తీసుకునే ముందు 24 గంటల నోటీసు వెళ్లాలి. ఏడాదికి ఒక్క చెల్లింపే కనుక బిల్లు పంపి యూపీఐలోనో బ్యాంకు బదిలీగానో తీసుకోవడం సులువు. మీ టర్నోవర్ 20 లక్షలు దాటి జీఎస్టీ పరిధిలోకి వచ్చిన రోజున మాత్రం జాగ్రత్తగా ఉండండి. వ్యవసాయ ఉత్పత్తుల నిల్వ సేవకు పన్ను మినహాయింపు ఉన్నందున, మీరు వేసే 18 శాతాన్ని స్టోరేజీవారు ఆ వ్యాపారం మేరకు తిరిగి పొందలేరు. ధర చెప్పేటప్పుడే పన్ను కలిపి చెప్పండి.

అమ్మకానికి ఫేస్‌బుక్ ప్రకటనలు వద్దు. మీకు కావలసినవారు మిర్చి యార్డు చుట్టూనే ఉన్నారు, ఒకరినొకరు ఎరుగుదురు. ఉన్న ఇద్దరిలో ఒకరి దగ్గర సీజన్ మొదటి వారమంతా కూర్చోండి. గుమస్తా ఇప్పటికీ ఏ లెక్కను పుస్తకంలోనే రాస్తున్నారో చూస్తే తరువాత ఏం తయారు చేయాలో తెలుస్తుంది. షికాగోలోని 37సిగ్నల్స్ సంస్థ తన సొంత ప్రాజెక్టుల అవస్థ తీర్చుకోవడానికి తయారు చేసుకున్న బేస్‌క్యాంప్ సాఫ్ట్‌వేర్‌నే 2004లో బయటివారికి అమ్మకానికి పెట్టింది. పని పక్కనే కూర్చున్నవారికి ఆ సౌలభ్యం ఉంటుంది. ఇంకొక మాట: ఎప్పుడు కావాలంటే అప్పుడు మొత్తం లెక్కలను ఎక్సెల్‌లోకి దింపుకొనే బటన్ పెట్టి, కొత్తవారికి మొదట దాన్నే చూపించండి. ‘కుర్రాడు రేపు బెంగళూరులో ఉద్యోగానికి పోతే మా లెక్కల గతేమిటి?’ అన్న భయం పైకి చెప్పకపోయినా అందరికీ ఉంటుంది.

ప్రశ్న: కరీంనగర్ నుంచి తెలుగు వార్తల వెబ్‌సైట్ నడుపుతున్నాం. గూగుల్ నుంచి, ఫేస్‌బుక్ నుంచి వచ్చే పాఠకులు బాగా తగ్గారు. గూగుల్ ప్రకటనల (యాడ్‌సెన్స్) ఆదాయం పడిపోయింది. రోజూ డిజిటల్ పత్రికను పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో కూడా పంపుతున్నాం. ఏం చేయాలి?

జవాబు: గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో 16 నెలల లెక్కలు దొరుకుతాయి. అందులో ఇంప్రెషన్లను (సెర్చ్‌లో మీ పేజీ ఎన్నిసార్లు కనిపించిందన్న లెక్క), క్లిక్కులను పక్కపక్కన పెట్టి చూడండి. ఇంప్రెషన్లు నిలకడగా ఉండి క్లిక్కులు తగ్గితే, పాఠకుడికి కావలసింది సెర్చ్ పేజీలోనే దొరికిపోతూ ఉండవచ్చు. ఫలితాల పైనే జవాబు చెప్పేసే గూగుల్ ఏఐ సారాంశాలు 2024 ఆగస్టులో భారత్‌కు వచ్చాయి. రెండూ తగ్గితే మీ పేజీలే వెనక్కి పోయి ఉండవచ్చు. అందరూ వేసిన వార్తనే మీరూ వేస్తున్నారేమో చూసుకోండి. మండలంలో కరెంటు కోత వేళలు, మార్కెట్ యార్డులో ఆనాటి ధరలు, గ్రామసభ నిర్ణయాల వంటివి మీరు రాయకపోతే ఇంకెక్కడా దొరకవు.

ఫేస్‌బుక్ మీద ఆశ పెట్టుకోకండి. సంస్థల పోస్టుల కన్నా బంధుమిత్రుల పోస్టులకే ప్రాధాన్యమిస్తామని 2018 జనవరిలోనే అది ప్రకటించింది. వేర్వేరు సైట్ల కొత్త వ్యాసాలను ఒకేచోట చదివించిన గూగుల్ రీడర్ 2013 జూలై 1న మూతపడినప్పుడు కూడా, దాని ద్వారా చదివే వారిని నమ్ముకున్న సైట్లకు ఇదే అనుభవం ఎదురైంది. వాట్సాప్ ఛానల్ కూడా అద్దె కొంపే. అనుసరించేవారి ఫోన్ నంబర్లు అందులో మీకు కనిపించవు. సొంత డొమైన్ పేరు, పాఠకులు ఇష్టపడి ఇచ్చిన నంబర్లు, బ్రౌజర్ నోటిఫికేషన్లు మీ చేతిలో ఉంటాయి. తెలుగు పాఠకులకు ఈమెయిల్ వార్తాలేఖ పంపమని చాలామంది సలహా ఇస్తారు. మన జిల్లాల్లో మెయిల్ తెరిచి వార్తలు చదివే అలవాటు అంతగా లేదు గనుక, విదేశాల్లోని మన ఊరివారిని ఉద్దేశించి మాత్రమే దాన్ని ప్రయత్నించమంటాను.

ఆ పీడీఎఫ్‌ను పాత అను ఫాంట్లలో తయారు చేస్తున్నారా? అలా అయితే తెర మీద తెలుగు కనిపిస్తున్నా, లోపల ఉన్నవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ గుర్తించే ప్రామాణిక లిపి సంకేతాలు) తెలుగు అక్షరాలు కావు. సెర్చ్‌కు అది అర్థం లేని రాత. రోజూ రాసిన వార్తలను రోజూ పాతిపెట్టుకుంటున్నట్టే. యూనికోడ్‌లో టైపు చేసి ముందు వెబ్‌సైట్‌లో పెట్టి, ఆ తరువాత పేజీ కట్టుకోండి.

ప్రశ్న: రాజమహేంద్రవరంలో ఆన్‌లైన్ మాక్ టెస్టుల సైటు నడుపుతున్నాను. ఎస్ఎంఎస్‌లను తెలుగులోకి మార్చగానే బిల్లు రెట్టింపు దాటింది. మోసమా?

జవాబు: మోసం కాదు. ఇంగ్లిష్ సందేశానికి 160 అక్షరాల వరకు ఒకే ఎస్ఎంఎస్‌గా లెక్క. తెలుగు వంటి యూనికోడ్ సందేశానికి ఆ హద్దు 70. అది దాటితే ముక్కలకు 67 చొప్పున లెక్క కడతారు. పైగా మనం ఒక్క అక్షరమనుకునేది అక్కడ ఒక్కటి కాదు: ‘స్త్రీ’ అన్నది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిసి ఆరు. మొత్తం ఇంగ్లిష్‌లోనే ఉన్న సందేశంలో ఒక్క తెలుగు అక్షరం పడినా, వర్డ్ నుంచి కాపీ చేసిన వంపు కొటేషన్ గుర్తు పడినా సందేశమంతా యూనికోడ్ కిందకు వస్తుంది. పరీక్ష పేరు, తేదీ, చిన్న లింకు మాత్రమే ఉంచి 70 లోపు కుదించండి. మార్చిన పాఠాన్ని డీఎల్‌టీలో (వ్యాపార ఎస్ఎంఎస్‌ల పాఠాలను ముందే నమోదు చేసే వేదిక) కొత్త టెంప్లేట్‌గా నమోదు చేయించాకే పంపండి, లేకుంటే సందేశాలు మధ్యలోనే ఆగిపోతాయి.