నల్ల వర్జీనియా రేకు: ఎండబెట్టుడు కాదు, ఆరబెట్టుడు

పోయిన నెల పైపు పొగాకు గురించి రెండు మాటలు రాసిన, అప్పటిసంది ఉత్తరాలు ఆగుతలేవు. అన్నిట్ల అడిగేది తిప్పి తిప్పి ఒక్కటే, ఆ నల్ల రేకులు, అంటే ఒత్తి పల్చగ కోసిన వర్జీనియా పొగాకు, ఎట్ల తాగాలె అని. అందుకే ఈసారి శీర్షికల ఎక్కువ భాగం దానికే ఇస్తున్న.

ప్రశ్న: మా అల్లుడు ఇంగ్లండ్ నుంచి వచ్చుకుంట 50 గ్రాముల డబ్బా తెచ్చిండు సార్. మూత తీస్తే పొగాకు తీరుగనే లేదు, నల్లగ పొడుగు పొడుగు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నయి, ముట్టుకుంటే తడి తడి. అట్లనే పైపుల కుక్కి అంటిస్తే అగ్గిపెట్టె సగం ఖాళీ అయింది గని పొగ సక్కగ రాలే, వచ్చిన కాడికి నాలిక మండింది. పైపు ఖరాబా, పొగాకు ఖరాబా?
– రిటైర్డ్ లెక్చరర్, హనుమకొండ

జవాబు: రెండూ మంచిగనే ఉన్నయి సార్. మీరు పచ్చి కట్టెలు పొయ్యిల పెట్టిన్రు, గంతే. పచ్చి కట్టె ఎట్లయితే మండకుంట చిటపటమని ఆవిరి కక్కుతదో తడి రేకు కూడ గట్లనే, మీ నాలికను కాల్చింది పొగ కంటె ఎక్కువ ఆ వేడి ఆవిరే.

ముందుగాల అది నల్లగ ఎందుకుందో చెప్త. వర్జీనియా ఆకు అసలు రంగు పసుపు, నిమ్మపండు రంగు నుంచి నారింజ రంగు దాక ఉంటది, మన ఒంగోలు దిక్కు జంగారెడ్డిగూడెం దిక్కు బ్యారన్లల్ల, అంటే ఆకును వేడితోని ఎండబెట్టే కొట్టాలల్ల, కాల్చేది ఈ జాతే. ఆ ఆకులను పొరలు పొరలుగ పేర్చి మిషన్ కింద గట్టిగ ఒత్తుతరు, ఆవిరి గాని వేడి గాని పట్టిస్తరు, అట్ల ఒత్తిడిల కొన్నాళ్లు ఉంచుతే ఆకుల ఉన్న చక్కెర, రసాలు ఒకదాంట్ల ఒకటి కలిసి రంగు ముదిరి ఖర్జూరం రంగుకు వస్తది, వాసన కూడ గడ్డివాము వాసన పోయి ఎండు ద్రాక్ష, పాతబెల్లం తీరుగ మారుతది. ఇగ ఆ దిమ్మను కత్తితోని పల్చగ కోస్తే వచ్చేదే రేకు, వాళ్లు ఫ్లేక్ అంటరు. ఇంగ్లండ్ ఉత్తరాన లేక్ డిస్ట్రిక్ట్ పక్కన కెండల్ అని చిన్న ఊరు ఉన్నది, ఈ పనికి పేరు మోసిన ఊరు, అక్కడి శామ్యూల్ గావిత్ అనే పొగాకు కంపెనీ వాళ్ల డబ్బా మీద 1792 సంవత్సరం అచ్చేసి ఉంటది. వాళ్ల ఫుల్ వర్జీనియా ఫ్లేక్ డబ్బా తెరిస్తే మీరు చెప్పినంత తడిగనే ఉంటది, అది తప్పు కాదు, తడి ఉంటేనే అది డబ్బాల పడి ఉండి ఇంకా పండుతది. తాగే తడి వేరు, దాచే తడి వేరు, ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగిలినదంత అల్కగ అయితది.

ఇప్పుడు చెయ్యాల్సింది ఏందంటే, ఒక్క పైపుకు సరిపోయేంత, అంటే ఒకటి లేకుంటే ఒకటిన్నర రేకు తీసుకోండ్రి, మిగిలిన డబ్బా వెంటనే మూసేయండ్రి. రేకును రెండు అరచేతుల నడుమ పెట్టి మెల్లగ నలపండ్రి, పోగులు పోగులుగ విడిపోవాలె గని పొడి కావద్దు. స్టీలు ప్లేట్ల పల్చగ పరిచి నీడకు పెట్టండ్రి, పేపర్ మీద వద్దు ఇంకు వాసన పడుతది, ఎండల అసలే వద్దు. ఎండబెట్టుడు మిరపకాయలకు, దీనికి ఆరబెట్టుడే, ఎండల పెడితే ఆ పాతబెల్లం వాసన ఉన్నది చూడండ్రి అదే ముందుగాల ఎగిరిపోతది.

ఎంత సేపు అని అందరు అడుగుతరు. ఇంగ్లండోళ్లు అరగంట, గంట అని రాస్తరు, అది వాళ్ల చలి దేశం లెక్క. మన వరంగల్ల మే నెలల 43, 44 డిగ్రీల పొడి ఎండకు ఫ్యాన్ కింద పదిహేను నిమిషాలు మరిచిపోతే పెళుసై చేతిల విరుగుతది, అదే శ్రావణంల ముసురు పట్టినప్పుడు రెండు గంటలైన అట్లనే జిగటగ ఉంటది. అందుకని గడియారం చూడొద్దు, వేళ్లను అడగాలె. చిటికెడు తీసుకుని బొటనవేలు చూపుడువేలు నడుమ ఒత్తి వదలండ్రి. ముద్దగ అట్లనే ఉండిపోతే ఇంక తడి ఉన్నట్టు. మెల్లగ, బద్ధకంగ విచ్చుకుంటే అదే సరైన పదును. కరకరమని నలిగితే దాటిపోయినట్టు, అప్పుడు తడి చెయ్యి ఆవిరి తగిలేటట్టు ప్లేటు మీద ఒక్క నిమిషం పెడితే కొంత తిరిగొస్తది గని మొదటి రుచి రాదు. నేనైతే జర ఎక్కువ ఆరినా మంచిదే గని తడి మాత్రం వద్దంట.

ఎందుకంటే నేను పడ్డ కదా. మొదటిసారి నాకు రేకు దొరికింది ఆషాఢంల, ముసురు, సాయంత్రం, ఆత్రం ఆగలే, డబ్బాల నుంచి తీసి తీసుడే పైపుల కుక్కిన. పది నిమిషాలకే నాలిక కొస పొక్కింది, మూడు రోజులు పెరుగన్నం తప్ప ఏం తినలే, ఇంట్ల అప్పుడే కొత్త మామిడి తొక్కు పెట్టిన్రు, దాని దిక్కు చూసుడే గని నోట్ల పెట్టలేకపోయిన.

నింపేటప్పుడు మూడు సార్లుగ నింపండ్రి. మొదటి చిటికె వదులుగ, ఊరికె రాలినట్టు, రెండోది జర ఒత్తి, మూడోది ఇంకొంచెం గట్టిగ. అంటించకముందే ఒకసారి గుంజి చూడండ్రి, స్ట్రాతోని కొబ్బరినీళ్లు గుంజినట్టు ఉండాలె, లస్సీ గుంజినట్టు బరువైతే మొత్తం తీసి మళ్ల నింపాలె, మొండిగ తాగుతే లాభం లేదు. అగ్గిపుల్ల గంధకం కాలిపోయినంక పైన అంతట గుండ్రంగ తిప్పుకుంట అంటించండ్రి, పొగాకు పైకి లేస్తది, ఆరిపోతది కూడ, ఆరనీయండ్రి. అది లెక్కల్ది కాదు. ట్యాంపర్ తోని, అంటే పొగాకు అణిచే చిన్న పనిముట్టుతోని, మెల్లగ అణిచి రెండోసారి అంటించండ్రి, అసలు మొదలయ్యేది అప్పుడు.

ఇగ గుంజుడు. సిగరెట్ అలవాటున్నోళ్లు ఇక్కడనే చెడిపోతరు, దమ్ము మీద దమ్ము కొడతరు. వర్జీనియాల చక్కెర ఎక్కువ, గట్టిగ గుంజితే భగ్గుమంటది, తీపి పోయి చేదు, మంట మిగులుతయి. వేడి చాయ్ సాసర్ల పోసుకుని పెదాల కొసతోని జుర్రుతం చూడండ్రి, అంతే మెల్లగ, పొగ కనపడీ కనపడనట్టు రావాలె. మధ్యల పైపు గిన్నెను చెంపకు ఆనించండ్రి, తట్టుకోలేనంత వేడి ఉంటే పక్కన పెట్టాలె. ఆరిపోతే ఆరిపోనీ, నలభై ఏండ్లసంది తాగేటోళ్లు కూడ ఒక్క పైపుకు మూడు నాలుగు సార్లు అంటిస్తరు. పొగ గొంతు కిందికి దించొద్దు. ఖాళీ కడుపు మీద వద్దు, నల్ల రేకు నికోటిన్ కొత్తోళ్లకు తలతిరుగుడు, వెక్కిళ్లు, వాంతి తెప్పిస్తది, అట్లయితే పైపు పెట్టేసి నీళ్లు తాగి కూసోవాలె.

రేకును నలపకుంట మడతబెట్టి అట్లనే పైపుల దూర్చే పద్ధతి ఒకటి ఉన్నది, నిదానంగ కాలుతది, రుచి చాన బాగుంటది గని మీరు ఇప్పుడే దాని జోలికి పోకండ్రి, ఒక డబ్బా నలిపి తాగినంక చూద్దాం.

ప్రశ్న: మా అమ్మ ముప్పై ఏండ్లసంది బీడీలు చేస్తది అన్నా. ఇంట్ల ఎప్పుడు తంబాకు ఉంటది. అది పైపుల పోసి తాగొచ్చా? వర్జీనియాకు దీనికి తేడా ఏంది?
– జగిత్యాల దగ్గరి పల్లె నుంచి ఒక తమ్ముడు

జవాబు: తాగొద్దు తమ్మీ. బీడీ తంబాకు గుజరాత్ల ఆనంద్, ఖేడా దిక్కు, కర్ణాటకల నిప్పాణి దిక్కు పండేది, ఎండకు ఎండబెట్టి రవ్వ చేస్తరు, చక్కెర తక్కువ, ఘాటు ఎక్కువ. రవ్వ పైపుల పోస్తే సందులకెల్లి నోట్లకొస్తది, గొంతు గీరుకపోతది. వర్జీనియా అట్ల కాదు, బ్యారన్ల కట్టి ఇనుప గొట్టాలల్ల వేడి పంపుతరు, పొగ ఆకుకు తగలదు వేడి ఒక్కటే తగులుతది. మొదట 35 డిగ్రీల చుట్టుపక్కల పెట్టి ఆకు పసుపెక్కినంక మెల్లగ పెంచుకుంట పోయి ఈనె ఎండేటప్పటికి 70 దాక తీస్కపోతరు, మొత్తం వారం లోపట అయిపోతది. అట్ల తొందరగ ఎండుడు వల్లనే ఆకుల తీపి నిలబడుతది.

కాని తమ్మీ, నువ్వు నేర్చుకోవాల్సిన అసలు విద్య మీ ఇంట్లనే ఉన్నది. అమ్మ రాత్రి తునికాకు తడిపి గుడ్డల చుట్టి పెట్టి, పొద్దుగాల దాన్ని తీసి ఇనుప రేకు అచ్చు పెట్టి కత్తెరతోని కత్తిరిస్తది కదా. తడి తక్కువైతే ఆకు పగులుతది, ఎక్కువైతే బీడీ బూజు పడుతది, ఆమె ఏ మీటరు పెట్టి చూడదు, వేళ్లతోనే చెప్తది. ఎప్పుడన్న నల్ల రేకు నీ చేతికొస్తే అమ్మకు ఒక చిటికె ఇచ్చి ఇది ఆరిందా అని అడుగు, నాలాంటోడు రాసిన పేజీ కంటె ఆమె మాట పక్కా. ఇంకొకటి, తంబాకు దుమ్ము రోజంత పీల్చుడు మంచిది కాదు, ముక్కుకు గుడ్డ కట్టుకోమను, కిటికీ కాడ కూసోమను, చేతులు కడగకుంట అన్నం తిననియ్యకు.

ప్రశ్న: మా ఆయన సిగరెట్ మానేసి పైపు పట్టిండు. పొగ మింగను కాబట్టి ఏం కాదు అంటడు. నిజమేనా? ఇంట్ల చిన్న పిల్లలున్నరు.
– ఒక చెల్లె, కరీంనగర్

జవాబు: నిజం కాదు చెల్లె. పొగ మింగకపోతే ఊపిరితిత్తులకు జర తక్కువ పోవచ్చు గని పెదవి, నాలిక, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లు పైపుతోని కూడ వస్తయి, ఊపిరితిత్తుల క్యాన్సర్ కూడ వస్తది. నికోటిన్ నోటి లోపలి తోలుకెల్లే రక్తంల కలుస్తది, కాబట్టి అలవాటు అట్లనే ఉండిపోతది. పైగ సిగరెట్ తాగినోడు పైపు పట్టినా తెలవకుంటనే పొగ లోపటికి గుంజుతడు, ఏండ్ల అలవాటు కదా. రేకు గురించి ఇంత ప్రేమగ రాసే నేనే చెప్తున్న, ఇప్పటిదాక తాగనోళ్లు నా రాతలు చదివి మొదలుపెట్టొద్దు, మానినోళ్లు మళ్ల పట్టొద్దు. ఇంటి లోపట అసలే వద్దు, తలుపు చాటుకు పోయినా పొగ పిల్లల దాక వస్తది. ఆయన మానుతా అంటే 1800-11-2356 నంబర్‌కు ఫోన్ చెయ్యమను, పైసలు కావు, పొగాకు మాన్పించే సర్కారు లైన్ అది. నోట్ల తెల్ల మచ్చ గాని మానని పుండు గాని రెండు వారాలు దాటి ఉంటే డాక్టర్‌కు చూపించుడు ఆపొద్దు.

ప్రశ్న: తెరిచిన డబ్బా ఎండకాలం ఎట్ల దాచాలె? ఒకాయన ఆలుగడ్డ ముక్క వెయ్యమన్నడు. రేకుల మీద తెల్లగ కనపడుతున్నది, పారేయాల్నా?
– సింగరేణి కార్మికుడు, భూపాలపల్లి

జవాబు: ఆలుగడ్డ, ఆపిల్ ముక్క ఏదీ వెయ్యకన్నా, బూజును పిలిచి కూసోబెట్టినట్టే. రబ్బరు రింగున్న గాజు సీసా కొత్తది కొను, తొక్కు సీసా ఎన్నిసార్లు కడిగినా ఆవాల వాసన పోదు, దాంట్ల పోస్తే రేకు తొక్కు వాసన పడుతది. సీసా నిండ పెట్టి గట్టిగ మూసి చీకటి అల్మారాల పెట్టు, ఫ్రిజ్ వద్దు, రేకుల షెడ్డు కింద వద్దు. మూత మాటిమాటికి తియ్యకుంటే వర్జీనియా నాలుగైదు ఏండ్లకు ఇంకా మెత్తబడి తియ్యగ అయితది. వారానికి సరిపోయేంత మాత్రం చిన్న డబ్బాల వేరే తీసి పెట్టుకో.

ఇగ ఆ తెలుపు. టార్చ్ లైటు వేసి చూడు. చక్కెర పలుకుల లెక్క మెరుస్తుంటే అది పాతబడ్డ వర్జీనియా మీద తేలే స్ఫటికం, బెంగ లేదు. దూది లెక్క నూగు నూగుగ, సాలెగూడు తీరుగ ఉండి తడి గోడ వాసన వస్తే బూజు, ఆ సీసా మొత్తం పారెయ్, పైన పైన తీసి కింద మిగిలింది తాగుడు వద్దు.

ప్రశ్న: పైపు మూతి ఇరుక్కపోయి వస్తలేదు. గట్టిగ తిప్పుతే విరుగుతదని భయం.
– రైల్వే రిటైర్డ్, కాజీపేట

జవాబు: తిప్పకండ్రి. రోజుల తరబడి క్లీనర్, అంటే పైపు లోపల తుడిచే మెత్తని తీగ, పెట్టకుంట వదిలేసి ఉంటరు, లోపల జిడ్డు గట్టిపడి పట్టుకున్నది. పైపు పూర్తిగ చల్లారినంక కవర్ల చుట్టి ఫ్రీజర్ల ఇరవై నిమిషాలు పెట్టండ్రి, తీసి ఒక్క దిక్కే, సవ్య దిశల, మెల్లగ తిప్పుకుంట గుంజండ్రి. రాకుంటే మళ్ల ఇంకోసారి. వచ్చినంక లోపలి జిడ్డు క్లీనర్ తోని తీసి, ఒక రోజంత పైపును ఊరికె వదిలేయండ్రి.