సమాధానం: బీఏ ఎకనామిక్స్‌లో పైథాన్ పేపర్, రెండు మార్కులు కలిపితే 4538 వస్తోంది

పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష)లో 45, 38 మార్కులు టైప్ చేసి కలిపితే 83 బదులు 4538 వస్తోందని, సగటు తీయబోతే ఎర్రర్ వస్తోందని అడిగారు. మీ ప్రోగ్రామ్‌లో లాజిక్ తప్పేమీ లేదండీ, టెన్షన్ పడకండి. ఇన్‌పుట్ ఫంక్షన్ మీరు ఏం టైప్ చేసినా టెక్స్ట్‌గానే ఇస్తుంది. అందుకే 45కి 38 కలపమంటే పక్కపక్కన అతికించి 4538 చూపించింది. సగటు కోసం దాన్ని 2తో భాగించబోతే టైప్ ఎర్రర్ (టెక్స్ట్‌తో ఈ లెక్క కుదరదనే ఎర్రర్) వచ్చింది కూడా అందుకే. టెక్స్ట్‌ను పూర్ణసంఖ్యగా మార్చేది ఇంట్ (int). రెండు చోట్లా ఇన్‌పుట్ మొత్తాన్నీ ఇంట్ బ్రాకెట్లలో పెట్టండి, 83 వస్తుంది. మార్కుల్లో 37.5 లాంటివి ఉంటే మాత్రం ఇంట్ ఒప్పుకోదు, దశాంశ సంఖ్యగా మార్చే ఫ్లోట్ (float) వాడాలి.

ఇక హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్ల ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ కోర్సు సీఎస్50ఎక్స్ (CS50x) చేయమంటారా అన్నారు. మంచి కోర్సే, చూడటానికి డబ్బులూ అక్కర్లేదు. కానీ బొమ్మల బ్లాకులు పేర్చి ప్రోగ్రామ్ చేసే స్క్రాచ్ తర్వాత వారాల తరబడి సీ భాషే నడుస్తుంది, పైథాన్ ఆరో వారంలో గానీ రాదు. సెమిస్టర్ పరీక్ష నెత్తిమీద పెట్టుకుని సీలో కష్టమైన పాయింటర్లతో కుస్తీ ఎందుకు? వాళ్లదే ఇంకో కోర్సు సీఎస్50పీ (CS50P) మొదటి నుంచీ పైథానే, అది మొదలుపెట్టండి.

ల్యాప్‌టాప్‌లో పైథాన్ ఇన్‌స్టాల్ కావట్లేదన్నారు కదా, పైథాన్ రాసి నడిపే గూగుల్ కొలాబ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ఈ ఇంట్ మార్పు అక్కడే చేసి చూడండి. మళ్లీ ఎర్రర్ వస్తే చివరి లైను ఇక్కడ పెట్టండి, అసలు సంగతి చాలాసార్లు అందులోనే ఉంటుంది.