ఉన్ని కోటుకి పురుగు పట్టకుండా...

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా నుంచి వస్తూ ఉన్ని ఓవర్‌కోటు తెచ్చాడు. హైదరాబాద్‌లో దాని అవసరమే రాదు. బీరువాలో పెడితే పురుగు పడుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: పడుతుందండీ, ముందు మురికి ఉన్నచోటే. ఉన్నిని కొరికేది ఎగిరే పురుగు కాదు, దాని గుడ్ల నుంచి వచ్చే లార్వా. చెమట పట్టిన కాలరు, కూర మరక అంటిన చేతి అంచులంటే దానికి ప్రాణం. కాబట్టి డ్రైక్లీనింగ్ చేయించాకే దాచండి. షాపువాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవరు ఇంటికి రాగానే తీసెయ్యాలి. అందులో చెమ్మ చేరి వానాకాలంలో బూజు పడుతుంది. ఒకరోజు నీడలో గాలికి ఆరేసి, పాత నూలు చీరతో కుట్టిన సంచి తొడిగి, వెడల్పాటి చెక్క హ్యాంగరుకి వేలాడదీయండి. తీగ హ్యాంగరైతే భుజాల దగ్గర బొడిపెలు లేస్తాయి.

కలరా ఉండల ఆవిరి గాలికన్నా బరువు. అందుకే గుడ్డలో మూటగట్టి కోటుకి పైన కట్టాలి, బట్టకి తగలకూడదు. పక్కన కర్పూరం పెట్టకండి. రెండూ కలిస్తే కరిగి మరకలవుతాయి. పసిపిల్లలున్న ఇంట్లో కలరా ఉండలు అసలొద్దు. వేపాకు పెట్టుకోవచ్చు గానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

రెండు నెలలకోసారి బయటికి తీసి కాలరు కింద, కుట్ల వెంట బ్రష్ చేయండి. సన్న చిల్లులు కనిపిస్తే పాలిథిన్ సంచిలో గాలి చొరకుండా చుట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం ఉంచండి. తీశాక చల్లదనం పూర్తిగా పోయేవరకు సంచి విప్పొద్దు, లేకపోతే కోటంతా చెమ్మగిల్లుతుంది.